బలవన్మరణం: ఎవరి బలం?

మన దినపత్రికలలో ఆత్మహత్య వార్తలు రాసేవారికి ఒక చిన్న నిఘంటువు వుంది. అందులో మాటలు పదికి మించవు. "జీవితంపై విరక్తి చెంది", "మనస్తాపానికి గురై", "క్షణికావేశంలో", "కుటుంబ కలహాల నేపథ్యంలో". చనిపోయినది ఇల్లాలైతే "కడుపునొప్పి భరించలేక". తెలుగునాట ఆడవాళ్ల కడుపులకు ఏళ్ల తరబడి ఇంత ప్రాణాంతకమైన నొప్పి ఎందుకు వస్తున్నదో ఏ వైద్య కళాశాలా పరిశోధించినట్టు లేదు. పరిశోధించవలసిన అవసరమూ లేదు. ఆ నొప్పి ఎక్కడ పుట్టిందో రాసిన విలేకరికి తెలుసు, రాయించిన పోలీసుకు తెలుసు, చదివిన పాఠకుడికీ తెలుసు. అందరికీ తెలిసిన నిజాన్ని అందరూ కలిసి దాచిపెట్టడానికి కూడా భాష ఉపయోగపడుతుంది.

తెలుగు చెప్పి బతికేవాణ్ణి కాబట్టి నాకు మాటలమీద పట్టింపు ఎక్కువ. 'ఆత్మహత్య' అనే మాటలోనే తీర్పు వుంది: హతుడే హంతకుడు. విచారణ లేదు, సాక్షులు లేరు, కేసు ముగిసింది. దానికి బదులుగా పత్రికలు వాడే 'బలవన్మరణం' మాత్రం, వాడేవాళ్లకు తెలియకుండానే, కొంత నిజం చెబుతున్నది. బలవంతపు చావు అని దాని అర్థం. బలవంతం అన్న తరువాత బలం ప్రయోగించినవాడు ఒకడుండాలి గదా? ఆ ప్రశ్న మాత్రం ఏ వార్తలోనూ వుండదు.

2019 అక్టోబరు 5న తెలంగాణలో ఆర్టీసీ కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. గడువులోగా పనిలో చేరని దాదాపు 48 వేలమంది "తమను తామే డిస్మిస్ చేసుకున్నారు" అని ప్రభుత్వం ప్రకటించింది. సమ్మె 52 రోజులు సాగింది. అంతకుముందు చేసిన పనికి రావలసిన సెప్టెంబరు జీతం కూడా ఆగిపోయింది. ఆ రోజులలో కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. ఇక్కడ వ్యాకరణం గమనించండి. ఉద్యోగం పోతే కార్మికుడే తీసేసుకున్నాడు. ప్రాణం పోతే కార్మికుడే తీసుకున్నాడు. రెండు వాక్యాలలోనూ కర్త అతడే, కర్మా అతడే. పాలకులు ఏ విభక్తిలోనూ కనబడరు.

ఈ వ్యాకరణం మీదనే నా తగాదా.

చనిపోతున్నది ఎవరు? జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ప్రాణాలు తీసుకున్నారు. వారిలో నలుగురికి ఒకరికి పైగా దినకూలీలు. సుమారు మూడింట రెండు వంతుల మంది ఏడాదికి లక్ష రూపాయల లోపు ఆదాయం గలవారు. చనిపోయిన స్త్రీలు 48,172 మంది; వారిలో 25,309 మంది, అనగా సగానికి పైగా, గృహిణులు. విద్యార్థులు 13,044 మంది. కారణాల పట్టికలో మొదటిది "కుటుంబ సమస్యలు" (31.7 శాతం), తరువాతది "అనారోగ్యం" (18.4 శాతం). ఈ పట్టిక కూడా మన విలేకరి నిఘంటువుకు అన్నగారే. మగడు కొట్టినా కుటుంబ సమస్యే, అప్పులవాడు గుమ్మం ముందు కూర్చున్నా కుటుంబ సమస్యే, ఆరు నెలలుగా పని లేక ఇంట్లో పొయ్యి వెలగకపోయినా కుటుంబ సమస్యే.

చావుకు వర్గం లేదని వేదాంతులు చెబుతారు. ఈ అంకెలు చూసిన తరువాత కూడా ఆ మాట చెప్పగలిగినవాడు వేదాంతి కాడు, మొండివాడు.

ఈ విషయంలో నాకు ముగ్గురు ప్రతివాదులున్నారు. ఒకరి తరువాత ఒకరికి సమాధానం చెబుతాను.

మొదటివారు వ్యక్తిత్వ వికాస ప్రవక్తలు. మన కళాశాలలకు ఏడాదికొకసారి వచ్చి, మెడకు మైకు తగిలించుకొని, "ఓటమి విజయానికి మెట్టు", "మనసు గట్టిది చేసుకో" అని రెండు గంటలు చెప్పి, పారితోషికం పుచ్చుకొని వెళ్లేవారు. వారి సిద్ధాంతం సులభం: చనిపోయినవాడు బలహీనుడు, బతికి వున్నవారు బలవంతులు, బలహీనులకు బలం నూరిపోస్తే సమస్య తీరిపోతుంది. యాజమాన్యాలకు ఈ సిద్ధాంతం ఎంత ఇష్టమో చెప్పనవసరం లేదు. తప్పంతా విద్యార్థి మనసులోనే వుంటే తరగతి గదిలో, హాస్టలులో, ఫీజు కౌంటరులో మార్చవలసినది ఏమీ వుండదు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడ్డాయి. తొమ్మిది లక్షలమందికి పైగా రాశారు. మూడు లక్షలమందికి పైగా తప్పారు. తరువాతి రోజులలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల పని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించబడి వుంది. పరీక్షకు హాజరైనవారిని గైరుహాజరుగా చూపారు. అంతకుముందు ఏడాది అగ్రస్థానంలో నిలిచినవారిని తప్పినట్టు చూపారు. మంచిర్యాల జిల్లా విద్యార్థిని ఒకామెకు తెలుగులో వచ్చిన మార్కులు సున్నా అన్నారు. తిరిగి చూస్తే 99. నేను చెప్పే సబ్జెక్టు అది. తెలుగులో 99 మార్కులు తెచ్చుకున్న పిల్లకు సున్నా వేసిన వ్యవస్థ ఆ పిల్లకు ధైర్యం లేదని పాఠం చెప్పబోతుందా? తప్పిన వారందరి పత్రాలు ప్రభుత్వ ఖర్చుతో మళ్లీ పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. "మనసు గట్టిది చేసుకో" అనే ఉపన్యాసం ఎవరికి అవసరం? విద్యార్థులకా, మార్కులు కూడినవారికా?

ఇంతకూ మనోధైర్యం అక్కరలేదని నేను అనడంలేదు. మానసిక వ్యాధి నిజం. దిగులు జ్వరంలాగానే వైద్యం కావలసిన జబ్బు. మందులతో, మాటలతో తగ్గుతుంది. కానీ ఆ వైద్యం చేసేవారేరీ? లక్షమంది జనాభాకు ఒక మానసిక వైద్యుడైనా లేని దేశం మనది. వైద్యుణ్ణి ఇవ్వకుండా ధైర్యం ఇవ్వడం, అన్నం పెట్టకుండా ఆకలి జయించే ఉపాయం చెప్పడం వంటిది.

ఇక్కడ మన సాహిత్య సంప్రదాయం నుంచి ఒక సాక్షిని పిలుస్తాను. గురజాడ 'పూర్ణమ్మ' కథ అందరమూ చదివినదే, తరగతిలో చెప్పినదే. పూజారి కూతురిని డబ్బుకోసం ముసలివాడికి కట్టబెడతారు. ఆ పిల్ల దుర్గ కొలనుకు పోయి తిరిగిరాదు. పూర్ణమ్మ బలహీనురాలని గురజాడ ఎక్కడైనా అన్నాడా? క్షణికావేశం అన్నాడా? కడుపునొప్పి అన్నాడా? అనలేదు. అమ్మినవాళ్లను, కొన్నవాణ్ణి పాఠకుడి ముందు నిలబెట్టాడు. ఆ పిల్ల చావును ఒక బేరానికి పర్యవసానంగా చూపించాడు. తెలుగు ఆధునిక కవిత్వం ఆరంభంలోనే ఈ మరణాల వ్యాకరణాన్ని సరిదిద్దిన మనిషి ఆయన. మనం ఆ కవితకు ప్రతిపదార్థం చెబుతున్నాము గాని, దాని కర్త ఎవరో విద్యార్థిచేత చెప్పించడంలేదు.

1846లో మార్క్స్ కూడా ఈ విషయం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. పారిస్ పోలీసు దస్తావేజుల భాండాగారంలో పనిచేసిన ప్యూషే అనే అధికారి జ్ఞాపకాల నుంచి కొన్ని భాగాలు తీసి, తన మాటలు కొన్ని కలిపి జర్మన్‌లో ఇచ్చాడు. అందులోని నాలుగు మరణాలలో మూడు స్త్రీలవి. కార్ఖానా గోడలలోపలే కాక ఇంటి గోడలలోపల కూడా నిరంకుశత్వం వుంటుందని, ఆస్తి సంబంధం భార్యాభర్తల మధ్య కూడా పనిచేస్తుందని ఆ వ్యాసం సారాంశం. అంకెలు చెప్పి వూరుకోక మనుషుల కథలు చెప్పాడని గమనించాలి. అరలలో దాచిన పోలీసు కాగితాన్ని సమాజంమీద అభియోగపత్రంగా మార్చిన పని అది.

ఈ పేరు చెప్పగానే నా రెండవ ప్రతివాది లేచి నిలబడతాడు. ఆయన మన మిత్రుడే, మన సభలలో మన పక్కన కూర్చునేవాడే. "మరి నీవే ఒప్పుకున్నావు గదా, ఇది వ్యవస్థ చేసే హత్య అని! వ్యవస్థ మారనిదే ఈ చావులు ఆగవు. టెలిఫోను కేంద్రాలు, కౌన్సెలింగులు అన్నీ సంస్కరణవాదపు మాత్రలు. వాటితో కాలయాపన చేయడం వర్గపోరాటాన్ని మొద్దుబార్చడమే." ఇదీ ఆయన వాదం. వినడానికి చాలా విప్లవకరంగా వుంటుంది. కానీ ఇది అబద్ధం. అబద్ధమే కాదు, సోమరితనం కూడా.

అబద్ధమని ఎందుకంటున్నానో చెబుతాను. శ్రీలంకలో 1990ల నడుమ ఆత్మహత్యల రేటు ప్రపంచంలోకెల్లా అతి ఎక్కువ రేట్లలో ఒకటి. 1995 మొదలు ఆ దేశం అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. 2015 నాటికి ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఆ కాలంలో అక్కడ విప్లవం రాలేదు. పేదరికం పోలేదు. 2009 దాకా యుద్ధం సాగుతూనే వుంది. అయినా వేలమంది ప్రాణాలు నిలిచాయి. ఎందువల్ల? చావాలన్న తలంపు చాలామందిలో గంటలపాటో రోజులపాటో ఉవ్వెత్తున లేచి తగ్గిపోతుంది. ఆ వేళ ప్రాణాంతకమైన వస్తువు అందుబాటులో లేకపోతే, ఒక మనిషి పక్కన వుంటే, ఆ గడియ గడిచిపోతుంది; గడిచినవారిలో అత్యధికులు తరువాత బతుకుతారు. మన పత్రికలు చనిపోయినవాణ్ణి నిందించడానికి వాడే 'క్షణికావేశం' అనే మాటలో నిజంగా వున్న అర్థం ఇది. ఆవేశం క్షణికమైతే ఆ క్షణం దాటించే పూచీ పక్కవాళ్లది గదా! క్షణికమన్న మాట సమాజానికి సాకు కాదు, బాధ్యత.

రెండవ నిదర్శనం మనకు మరీ దగ్గరది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో చేయించిన ఒక పరిశోధన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఆ ఐదు కేంద్రాలలో మన చెన్నై ఒకటి. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చి బతికిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు చికిత్స చేసి పంపారు. రెండవ భాగానికి, మామూలు చికిత్సతోపాటు, ఇంటికి పంపేముందు ఒక గంటసేపు మాట్లాడారు. తరువాత పద్దెనిమిది నెలల కాలంలో తొమ్మిదిసార్లు, ఫోనులోనో ఇంటికి పోయో, "ఎలా వున్నావు" అని అడిగారు. అంతే. మొదటి భాగంలో నూటికి 2.2 మంది తరువాత ఆత్మహత్యతో చనిపోయారు. రెండవ భాగంలో 0.2 మంది. ఒక గంట, తొమ్మిది పలకరింపులు. ఇది సంస్కరణవాదమైతే కలరాకు టీకా వేయడం కూడా సంస్కరణవాదమే. మందుల దుకాణంలో దొరికే మాత్ర కాదిది. మనిషికి మనిషి హామీ.

సోమరితనమని ఎందుకంటున్నానంటే, వ్యవస్థ మారేదాకా ఆగమనేవారు ఎనిమిది గంటల పనిదినం కోసం ఆగమనలేదు, కనీస వేతనం కోసం ఆగమనలేదు. కార్మికుడి కూలి రేపటిదాకా ఆగలేదు గాని కార్మికుడి ప్రాణం ఆగగలదా? పోరాడవలసినవాళ్లు ముందు బతికివుండాలి. చనిపోయిన కార్మికుడు ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు.

మూడవ ప్రతివాది మరీ దగ్గరివాడు: కవి. 2009 నుంచి 2014 దాకా సాగిన తెలంగాణ ఉద్యమంలో వందలాది యువకులు తమ ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఆకాంక్షను నేను తక్కువ చేయడంలేదు. ఆ పిల్లల దుఃఖం నిజం. కానీ ఆనాడు మన కవులు ఏం చేశారు? చితులను జ్యోతులన్నారు, బూడిదను విత్తనాలన్నారు. నాయకులు ప్రతి శవయాత్రలోనూ ముందు నడిచారు. 1969లో తూటాలకు నేలకొరిగినవారిని, ఇంటిలో ఒంటరిగా దిక్కుతోచక ప్రాణం తీసుకున్న కుర్రవాణ్ణి ఒకే మాటతో 'అమరుడు' అన్నారు. మొదటివాణ్ణి రాజ్యం చంపింది. రెండవవాణ్ణి మనం బతికించుకోలేకపోయాము. ఈ తేడా చెరిపేస్తే, తరువాతి కుర్రవాడికి మనం పంపే సందేశం ఏమిటి? "బతికి వున్నంతకాలం నీ పేరు ఎవరికీ తెలియదు, చనిపోతే నీమీద కవిత్వం రాస్తాము" అని. 2023 జూన్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున అమరుల స్మారకం ప్రారంభమయింది. స్మారకం మంచిదే. దాని నీడలో ఉద్యోగ ప్రకటనలకోసం ఎదురుచూసిన నిరుద్యోగులకు అది ఏమి చెప్పిందో మాత్రం అడగాలి.

మాటకు చంపే బలమూ బతికించే బలమూ రెండూ వున్నాయని ఒక నగరం రుజువు చేసింది. 1980లలో వియన్నాలో మెట్రో స్టేషన్లలో మరణాలు పెరిగాయి. పత్రికలు వాటిని బొమ్మలతో, వివరాలతో, కన్నీటి శీర్షికలతో ప్రకటించేవి. 1987లో ఆత్మహత్యల నివారణకు పనిచేసే వైద్యులు పత్రికలవారితో మాట్లాడి, ఇలా రాయకండని నియమాలు తయారుచేశారు. పత్రికలు ఒప్పుకున్నాయి. ఆరు నెలలలో మెట్రోలో ప్రాణాంతక ప్రయత్నాలు 80 శాతానికి పైగా పడిపోయాయి. కొత్త చట్టం రాలేదు, కొత్త గోడ కట్టలేదు. ఒక నగరంలో రాసేవాళ్లు రాత మార్చుకున్నారు. రచయితల సంఘానికి ఇంతకుమించిన పాఠం ఏముంటుంది?

ఇప్పుడు మన నగరం సంగతికి వస్తాను. హైదరాబాదులో ఏమీ లేదని నేను అనను. ట్యాంక్‌బండ్ మీద లేక్ పోలీసులు రాత్రింబగళ్లు గస్తీ తిరిగి ఎందరినో కాపాడుతున్నారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల వుంది. సికింద్రాబాదులో 'రోష్ని' అనే స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి ఫోనులో ఆర్తుల మాట వింటున్నది. 2022 అక్టోబరు నుంచి 14416 అనే నంబరుమీద ప్రభుత్వపు 'టెలి మానస్' పనిచేస్తున్నది. పైసా ఖర్చులేదు, తెలుగులో మాట్లాడవచ్చు. 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. గృహహింసకు గురైనవారికోసం 2016 నుంచి భరోసా కేంద్రముంది. అన్నీ వున్నాయి. ఒకదానికి ఒకటి తెలియదు. అసలు లోపం అక్కడ వుంది.

ఒక ఉదాహరణ తీసుకోండి. అప్పులపాలైన ఒక ఆటో డ్రైవరును రాత్రి పదకొండు గంటలకు గట్టుమీద పోలీసులు ఆపారనుకోండి. తెల్లవారి భార్యను పిలిపించి, నాలుగు మంచిమాటలు చెప్పి ఇంటికి పంపుతారు. పోలీసు తన పని తాను చేశాడు. కానీ ఆ మనిషి ఏ ఇంటికి వెళ్తున్నాడు? రాత్రి విడిచి వచ్చిన ఇంటికే. గుమ్మంలో అదే ఫైనాన్సువాడు. నెలాఖరుకు అదే కిస్తీ. నీటి అంచుదాకా వచ్చిన మనిషిని నగరం ఒడ్డుకు లాగింది; ఒడ్డున నగరం లేదు.

ఆ వెనక్కి పంపడంలో భయం కూడా వుంది. ఆత్మహత్యా ప్రయత్నం చాలాకాలం నేరంగా వుండేది. 2018 మే నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, అటువంటివారు తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టే భావించి శిక్షించరాదన్నది. వైద్యం, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అన్నది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత రావడంతో పాత 309వ సెక్షనే పోయింది. ప్రభుత్వోద్యోగిమీద ఒత్తిడి తెచ్చే ఉద్దేశంతో చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. ఐనా ఆసుపత్రికి తెచ్చినవారు ఇప్పటికీ "పొరపాటున జరిగింది" అంటారు. పరువు భయం, పోలీసు భయం. చట్టం మారిన సంగతి బస్తీకి ఎవరు చెప్పాలి? అది మన పని కాదా?

చేయవలసినది నాకు తోచినంత చెబుతాను. ప్రసూతి సమయంలో తల్లి చనిపోతే ప్రభుత్వం ఆ మరణాన్ని విడిగా సమీక్షిస్తుంది: ఏ ఆసుపత్రికి వెళ్లింది, అంబులెన్సు ఎప్పుడు వచ్చింది, రక్తం ఎందుకు దొరకలేదు అని. తల్లి బలహీనురాలని రాసి ముగించరు. నగరంలో ప్రతి ఆత్మహత్యకూ ఇటువంటి సమీక్ష జరగాలి. పేర్లు బయటపెట్టకుండా, ఒక బల్ల చుట్టూ నగరపాలక సంస్థ, ఆసుపత్రి, పోలీసు, కార్మికశాఖ, ఇంటర్ బోర్డు, మహిళా సంఘాలు, ట్రేడ్ యూనియన్లు నెలకొకసారి కూర్చోవాలి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి చనిపోయేముందు ఏయే తలుపులు తట్టాడు, వాటిని ఎవరు మూశారు? ఒక్క ఏడాది ఈ పని నిజాయితీగా జరిగితే, "కుటుంబ సమస్యలు" అనే గోనెసంచిలో ఏముందో అందరికీ తెలుస్తుంది.

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో ప్రాణాపాయం తప్పించుకున్న ప్రతి మనిషికీ ఆ ఒక గంట, ఆ తొమ్మిది పలకరింపులు దక్కాలి. పలకరించేవారు బస్తీ దవాఖానాలో జీతంమీద పనిచేసేవారై వుండాలి. జీతం అని గట్టిగా ఎందుకంటున్నానంటే, ఇటువంటి పనులన్నీ చివరకు ఆశా కార్యకర్తల నెత్తిన పడతాయి. స్థిరమైన వేతనంకోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కుతున్న స్త్రీలమీద, ఇతరుల నిరాశను తీర్చే పనిని ఉచితంగా మోపడం ఇంకొక దౌర్జన్యం.

అప్పు విషయం పోలీసులు, కార్మిక సంఘాలు కలిసి చూడాలి. 2020 డిసెంబరులో ఫోను రుణాల ముఠాలమీద హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టినప్పుడు బయటపడిన పద్ధతి మీకు గుర్తుండే వుంటుంది: అప్పుతీసుకున్నవాడి ఫోనులోని పేర్లన్నీ లాగి, బంధువులకూ స్నేహితులకూ "వీడు దొంగ" అని సందేశాలు పంపడం. కొందరు ఆ అవమానం భరించలేక చనిపోయిన తరువాతగాని పోలీసులు కదలలేదు. చావు రాకముందే ఫిర్యాదు తీసుకునే కిటికీ ఒకటి వుండాలి. అడ్డామీది కూలీకి, సరుకులు మోసే బండి కుర్రవాడికి ఆ కిటికీ ఎక్కడుందో తెలియాలి. అది తెలియజెప్పడం యూనియన్ల పని.

విద్యార్థుల సంగతి నా సొంత పొలం కాబట్టి కొంచెం విడిగా చెబుతాను. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణంమీద ఆమె తండ్రి సుప్రీంకోర్టుదాకా పోరాడాడు. 2025 జూలై 25న కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతిచోటా అర్హతగల సలహాదారు వుండాలి, మార్కులనుబట్టి పిల్లలను వేర్వేరు బ్యాచీలు చేయరాదు, అందరిముందూ అవమానించరాదు, జిల్లా స్థాయిలో పర్యవేక్షణ సంఘం వుండాలి. హాస్టలు గదులలో పంకాలు మొదలైనవాటిని ప్రమాదరహితంగా మార్చాలని కూడా వుంది. ఈ చివరి షరతును మాత్రం యాజమాన్యాలు సంతోషంగా అమలు చేస్తాయని నా జోస్యం. పంకాకు అయ్యే ఖర్చు ఒక్కసారిది. బ్యాచీలు ఎత్తివేస్తే వ్యాపారమే పోతుంది. నేను లోగడ పనిచేసిన ఒక కళాశాలలో వారాంతపు పరీక్ష మార్కులనుబట్టి సోమవారంనాడు పిల్లలను ఒక సెక్షను నుంచి ఇంకొక సెక్షనుకు దించేవారు. పుస్తకాల సంచీ, పరుపు చుట్టుకొని కింది అంతస్తుకు నడిచే ఆ పిల్లలను చూసి తక్కిన పిల్లలు తలలు దించుకునేవారు. ఏ పంకా మార్చితే ఆ నడక ఆగుతుంది?

అంతకుముందూ కమిటీలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ ఈ కళాశాలల గురించే నివేదికలిచ్చాయి. నివేదికలు బీరువాలలో వున్నాయి. పోస్టర్లు గోడలమీద వున్నాయి. ర్యాంకుల పోస్టరుమీద నవ్వే పది ముఖాల వెనుక కనిపించని వేల ముఖాలుంటాయి. ఫలితాలనాడు సప్లిమెంటరీ పరీక్ష తేదీని కూడా అదే ప్రకటనలో, అదే అక్షరాలలో చెప్పాలి; ఇంకొక దారి వుందని తెలియడం చాలా ప్రాణాలు నిలుపుతుంది. ఆ రోజు అధ్యాపకులు సెలవులో వుండకూడదు, కళాశాలలో వుండాలి. ఉత్తీర్ణులకు మిఠాయి పంచడానికి కాదు, తప్పిన పిల్ల తల్లిదండ్రులముందు ఆమె పక్కన నిలబడడానికి. అడగడానికి మనం భయపడతాము. "చావాలనిపిస్తున్నదా?" అని అడిగితే ఆ ఆలోచన మనమే పుట్టించినవాళ్లమవుతామని ఒక మూఢనమ్మకం. అది తప్పని ఈ రంగంలో పనిచేసేవారందరూ చెబుతున్నారు. సూటిగా, ప్రేమగా అడిగితే ఆ పిల్ల గుండెమీది బరువు సగం దిగుతుంది. అడిగి, విని, ఒంటరిగా వదలకుండా, వైద్యుడిదాకా తోడు వెళ్లడం: ఇంతవరకూ చేయడానికి మనస్తత్వశాస్త్రంలో పట్టా అవసరం లేదు.

కాపలాను సంరక్షణ అనుకోవద్దని కూడా హెచ్చరిస్తాను. గదికొక కెమెరా, గేటుకొక తాళం పెట్టి "నివారణ" అనే సంస్థలుంటాయి. జైలులో కూడా కాపలా వుంది. కావలసినది చూసే కన్ను కాదు, వినే చెవి.

2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్యల మరణాలను పది శాతం తగ్గించాలన్నది. పది శాతమంటే ఏటా పదిహేడు వేలమంది. ఆ లక్ష్యం ఢిల్లీలో కాగితంమీద వుంది. ఆ పదిహేడు వేలమంది మాత్రం మన బస్తీలలో, మన తరగతులలో, మన వంటగదులలో వున్నారు. వచ్చే సెప్టెంబరు 10న, ఆత్మహత్యల నివారణ దినాన, ఎప్పటిలాగే కొవ్వొత్తుల ఊరేగింపు జరుగుతుంది. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఆ సాయంత్రం మన సంఘం నగర శాఖ ఒక వినతిపత్రంతో నగరపాలక సంస్థ మెట్లెక్కాలని నా ప్రతిపాదన: నెలనెలా మరణ సమీక్ష, ఆసుపత్రి నుంచి ఇంటిదాకా జీతమిచ్చి నడిపే పలకరింపు, కోర్టు చెప్పిన జిల్లా సంఘంలో విద్యార్థులకూ అధ్యాపకులకూ చోటు. పత్రికలలో పనిచేసే మన సభ్యులు ఆ విలేకరి నిఘంటువును ఆ రోజే చించివేయాలి. కవులు చితిమీద కాక, చితి దాకా పోకుండా ఆగిన మనిషి మీద రాయాలి. అది రాయడం కష్టం, అందుకే రాయాలి.

బలవన్మరణం వెనుక బలం ఎవరిదో మనకు తెలుసు. దానికి ఎదురు నిలిచే బలం కూడా వుంది, విడివిడిగా వుంది: గట్టుమీది పోలీసులో, దవాఖానా నర్సులో, ఫోను అవతలి గొంతులో, స్టాఫ్‌రూములో కూర్చున్న మనలో. ఆ బలాలను ఒక్కచోటికి చేర్చడాన్నే రాజకీయం అంటారు. ఆ పని విప్లవం తరువాత చేయవలసినది కాదు, వచ్చే నెల ఫలితాలు రాకముందే చేయవలసినది.